ఏడో ఇంక్లైన్ ధ్వనికళాఖండం

ఆషాఢం, సోమవారం

దొండకాయ వేపుడు పూర్తిగా పోయింది. పుట్టగొడుగుల కూర సగం మిగిలింది. పప్పుచారు చాలలేదు. ఒకరికి చెయ్యి కాలింది.

మొదటి మూడూ రోజూ రాసేలాంటివే. నాలుగోది ఇవాళే రాయాల్సి వచ్చింది. నా భార్య లస్మి, ఊరందరికీ లస్మక్క, కాగే నూనె మూకుడు దించుతూ "జరుగుండ్రి, కాలుతది!" అని అరిచింది. ఆమె నోరు చూసి తెలుసుకున్నాను. మా కర్రీ పాయింట్ ముందు నిలబడ్డవాళ్ళు ఎవరూ జరగలేదు. నూనె చిలికి సదానందం మణికట్టు మీద పడింది. అతను పంకాల మెకానిక్. లస్మిని అక్కా అంటాడు కనుక నాకు బామ్మర్ది.

"అక్కా, సెప్పరాదు?" అన్నాడు చెయ్యి ఊదుకుంటూ.

చెప్పింది. జల్లెడ వినిపించలేదు.

లస్మికి మెడలో గడ్డ తీసి నెల దాటింది. గొంతు మిగిలింది గానీ పాతది కాదు. గచ్చు మీద రేకు ఈడ్చినట్టుందని ఆపరేషన్ చేసిన డాక్టరు యంత్రం పెట్టి విని కాగితం మీద రాశాడు. నేను మాత్రం వినలేదు. పైన ఎండకు నిలవలేక మా తాతలు ఈ పాత బొగ్గుగనిలోకి, ఏడో ఇంక్లైన్ వాలు సొరంగంలోకి దిగినప్పటి నుంచి ఇక్కడ గాలి పంకాల దయ. అవి ఆగితే ఊపిరి ఉండదు, తిరిగితే చెవులు ఉండవు. అందుకని అందరి చెవుల్లోనూ బిళ్ళలు, బిళ్ళల వెనక జల్లెడ. మాట, పాట, సైరన్ గింజలు. వాటిని లోపలికి వదులుతుంది. మిగతాదంతా పొట్టు. పంకాల హోరు పొట్టు. కుర్చీ ఈడిస్తే పొట్టు. నెల రోజులుగా నా భార్య పొట్టు.

ఆషాఢం, బుధవారం

ఒక పూట కొట్టు తెరవలేదు. ఇద్దరం శ్రవణ కార్యాలయానికి పోయాం.

కిటికీ వెనక విఠల్ అనే అధికారి ఉన్నాడు. మర్యాదస్తుడు. చెప్పిందంతా విని తల ఊపాడు.

"జల్లెడ మేం నేర్పితే నేర్సుకున్నది గాదు, అదే సొంతంగ నేర్సుకుంటది. ఒక చప్పుడు ఇని ఇంకో మనిషి జవాబిస్తే అది మాట. ఇయ్యకుంటే పొట్టు. గంతే."

"నేనిస్త సార్ జవాబు."

"నువ్వెవలు?"

"మొగుణ్ణి."

"మొగుని జవాబు లెక్కకు రాదు. మొగోళ్ళు కుక్కర్ కూత పెట్టినా 'ఆఁ' అంటరు. జల్లెడ అది ఎన్నడో కనిపెట్టి తీసేసింది."

"మరి వేరేటోళ్ళు జవాబియ్యాలంటే ఆమె గొంతు ఇనవడాలె గద?"

"ఇనవడాలె."

"ఇనవడాలంటే అది మాట అని తేలాలె గద?"

"తేలాలె."

"మరెట్ల?"

అతను నా వైపు ఇష్టంగా చూశాడు. "మంచి ప్రశ్న. మంచి ప్రశ్నలకు రెండో కిటికీ."

రెండో కిటికీ మూసి ఉంది. లస్మి పక్కన నిలబడి చాలాసేపు ఏదో అంది. విఠల్ ఆమె భుజం మీదుగా గోడ గడియారం చూశాడు. తప్పు అతనిది కాదు. అతని చెవుల్లో ఆమె లేదు.

ఆషాఢం, శుక్రవారం

బెండకాయ పులుసు మిగల్లేదు.

సదానందం తానే జవాబిస్తానని ముందుకొచ్చాడు. "పెదవులు సూస్త బావా. గంత తెలియదా నాకు?"

లస్మి అతని ముందు పులుసు పెట్టి ఏదో అడిగింది.

"మంచిగున్నరక్కా. పిల్లలు గూడ మంచిగున్నరు," అన్నాడు సదానందం గట్టిగా.

ఆమె అడిగింది కారం ఎక్కువైందా అని. సదానందం చెవిలో జల్లెడ 'దొంగజవాబు' అని చెప్పిందట. లస్మి గరిటెతో అతని నెత్తి మీద ఒకటి వేసింది. ఆ చప్పుడూ పొట్టే.

నెత్తి రుద్దుకుంటూ అతనే ఇంకో మాట అన్నాడు. "బావా, ఆ ధ్వనికళా పరిషత్తోళ్ళకు పొట్టు ఇనవడుతదట. సభ్యులైతె బిళ్ళల ఏదో తలుపు తెరుస్తరట. కనీసం నువ్వన్న ఇను."

"వాళ్ళు ఇని జవాబియ్యరాదా?"

"అడిగిన. వాళ్ళేమన్నా అది విమర్శ అయితదట, జవాబు గాదట."

శ్రావణం, మొదటి ఆదివారం

పరిషత్తులో చేరాను. అధ్యక్షురాలు నీరజాక్షి మేడం నన్ను చేర్చుకునే ముందు ఒక ప్రశ్న అడిగారు. "ధ్వనితో మీ అనుబంధం ఏమిటి?"

"పెళ్ళయిందండీ," అన్నాను. ఆవిడ చాలాసేపు కళ్ళు మూసుకుని, "అద్భుతం," అన్నారు.

తర్వాత ప్రదర్శన చూపించారు. ఒక గదిలో కుర్చీ ఉండి ఉండి ఒకసారి గచ్చు మీద జరుగుతుంది. కార్డు మీద 'తండ్రి' అని ఉంది. ఇంకో గదిలో ఏమీ వినబడదు. రచన నడుస్తోందో, కళాకారుడు సెలవులో ఉన్నాడో ఎవరికీ తెలియదు. అయినా అందరూ మునివేళ్ళ మీద నడుస్తున్నారు. మూడో చోట బకెట్లో నీటి చుక్కలు పడుతున్నాయి. పదిమంది తలలు వంచుకుని వింటున్నారు. నేనూ వంచుకున్నాను. కాసేపటికి ఊడ్చే మనిషి వచ్చి బకెట్ తీసుకుపోయాడు. అది పక్కన మరుగుదొడ్డి కుళాయి కారడమట. అందులో ఇద్దరు అప్పటికే కళ్ళు తుడుచుకున్నారు.

"సంగీతం మిమ్మల్ని ఎక్కడికో తీసుకెళుతుంది. ధ్వనికళ మిమ్మల్ని ఉన్నచోటే నిలబెడుతుంది," అన్నారు మేడం.

కుర్చీలు వేయనిది అందుకేనా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

ఇంటికొస్తూ నాకు తోచిన నిర్వచనం: ధ్వనికళ అంటే పక్కన కార్డు ఉన్న చప్పుడు.

కానీ ఒకటి రాయకపోతే అబద్ధమవుతుంది. దారిలో బిళ్ళలోని తలుపు కొద్దిగా తెరిచి పంకాలు విన్నాను. పుట్టినప్పటి నుంచీ వాటి కిందే ఉన్నాను, వినడం అదే మొదలు. మూడు పంకాలూ ఒకే వేగంలో లేవు. నడిమిది కొంచెం వెనకబడుతుంది. అది వెనకబడ్డప్పుడల్లా హోరులో ఒక అల లేచి, గోడలదాకా పోయి వస్తుంది. మా ఊరు ఊపిరి తీస్తున్నట్టు ఉంది. పాత బొగ్గుబండ్ల సైడింగ్ దగ్గర నిలబడిపోయాను. దాని పక్కన కార్డేమీ లేదు.

శ్రావణం, సోమవారం

పొయ్యి ఆలస్యంగా వెలిగింది. కారణం రాస్తాను.

లస్మి గచ్చు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. పెదవులు కదులుతున్నాయి. ఎవరికీ వినపడదన్న ధైర్యంతో నెల రోజులుగా ఇలాగే తనలో తాను మాట్లాడుకుంటోంది. నేను గుమ్మంలో నిలబడి బిళ్ళలోని తలుపు తెరిచాను.

"...ఒక్క గడ్డ సక్కగ లేదు, అన్ని మట్టిబెడ్డలే. ఈయనకు సెప్పుడు ఒకటే గోడకు సెప్పుడు ఒకటే. గోడే నయం, మేకు కొడితె ఆగుతది."

గొంతు రేకులాగానే ఉంది. ఒప్పుకుంటాను. కానీ దాని వెనక మనిషి మా లస్మే.

"గోడ నయమా?" అన్నాను.

వెల్లుల్లి చేట ఒళ్ళోంచి జారింది.

"ఇనవడ్డదా?"

"ఆఁ."

"ఎప్పటిసంది ఇంటున్నవ్?"

"మట్టిబెడ్డల కాడికెల్లి."

"మీ అక్కను తిట్టింది ఇన్లే గద?"

"ఇన్లే."

"అయితె మల్ల తిడత, ఇను," అని మొదటి నుంచీ తిట్టింది. నేను గచ్చు మీద కూర్చుని చిందిన వెల్లుల్లి ఏరాను. నెల రోజుల మాటలు బాకీ ఉన్నాయి. మధ్యాహ్నందాకా ఏరాను.

శ్రావణం, రెండో గురువారం

పప్పుచారు మాడింది. మొత్తం పారబోశాం.

తప్పు నాది. ఈమధ్య నాకు వినడం అలవాటైంది. పరిషత్తు గ్రంథాలయంలో ఉన్నవన్నీ చదివాను. గరుకు, పొర, అంచు అన్న మాటలు నేర్చుకున్నాను. లస్మి గొంతులో రెండు దారాలు ఉన్నాయని కనిపెట్టాను. మామూలుగా అవి పక్కపక్కనే సాగుతాయి. కోపం పెరిగితే కిందిది తెగి పైది ఒక్కటే మిగులుతుంది. ఇవాళ ఆ తెగే చోటు మొదటిసారి స్పష్టంగా విన్నాను. మూడుసార్లు విన్నాను. కళ్ళు మూసుకుని విన్నాను.

కళ్ళు తెరిచేసరికి వంటిల్లంతా పొగ.

"నేనేమన్నన్నో జెప్పు," అంది లస్మి.

"రెండోసారి అన్నప్పుడు కింద దారం..."

"ఏమన్న?"

నేను మాడిన గిన్నె దించాను.

"పొయ్యి ఆర్పమన్న. మూడుసార్లన్న. జల్లెడకు మెదడు లేదు, పొట్టనుకున్నది, సరే అనుకున్న. నీకేమైంది? నువ్వు ఇనుకుంట గూడ ఇంటలేవు."

ఆ తర్వాత రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు. కావాలని ఆమె మూసుకున్న నోరు జల్లెడ మూసినదానికంటే చెవులకు బరువుగా ఉంది.

శ్రావణం, శనివారం

సభ్యత్వం వదిలేద్దామని పరిషత్తుకు బయల్దేరాను. లస్మి నమ్మలేదు. మళ్ళీ బకెట్లు వినడానికే పోతున్నానని గరిటె పట్టుకుని వెనకే వచ్చింది. అక్కడ సభ్యులంతా 'తండ్రి' కుర్చీ చుట్టూ నిలబడి ఉన్నారు. లస్మి ఆ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఈడ నిలవడి ఏం ఇంటున్నరయ్యా? ఇంట్ల పెండ్లాం సెప్పేది ఇనరు, కుర్చీలు సెప్పేది ఇంటరు? ఈ కుర్చీకి ఒక కాలు పొట్టిగున్నది, అందుకే జరుగుతున్నది. కింద అట్టముక్క పెట్టరాదు? ఇంతమంది సదువుకున్నోళ్ళు ఉన్నరు, ఒక్కనికన్న అట్టముక్క దొరకలేదా?"

చివరి మాటతోపాటు గరిటెతో కుర్చీ చేతి మీద కొట్టింది.

చప్పట్లు. నీరజాక్షి మేడం కళ్ళలో నీళ్ళు. అక్కడికక్కడే సభ పెట్టారు. ఇది కళ అవునా కాదా అని ఎవరూ అడగలేదు. గరిటె రచనలో భాగమా, కాదా అన్న దాని మీద మాత్రం సాయంత్రందాకా వాదించుకున్నారు. భాగమేనని తేలింది.

"నిడివి ఎంత?" అని మేడం అడిగారు. అడిగింది నన్ను. లస్మి పక్కనే ఉంది.

"చెప్పలేమండీ," అన్నాను. ఇన్నేళ్ళ సంసారంలో నేను చెప్పిన నిజాల్లో అదొకటి.

కార్డు చేతికిచ్చారు. 'లస్మక్క. గొంతు, గరిటె, భర్త. నిడివి: అనిర్దిష్టం.' కళ అని ముద్ర పడ్డ చప్పుడును జల్లెడ ఆపదు. మంగళవారం నుంచి అందరికీ వినపడుతుంది.

"కళనో గిళనో," అంది లస్మి దారిలో. రెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. "ఇనవడితె సాలు."

శ్రావణం, మంగళవారం

వంకాయ మెంతికారం, బీరకాయ పప్పు, పుట్టగొడుగుల వేపుడు. ఏదీ సరిగ్గా అమ్ముడుపోలేదు. జనం మాత్రం నిండా వచ్చారు.

పొద్దున లస్మి కౌంటరు దగ్గర నిలబడి, "ఏం గావాలె?" అంది. అందరికీ వినబడింది. అందరూ మాటలు ఆపి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను సంతోషించి తమాషా చూస్తున్నాను.

"ఏం గావాలె అంటున్న."

ఒకడు కళ్ళు మూసుకున్నాడు.

పరిషత్తు నియమం అప్పుడు గుర్తొచ్చింది. కళాఖండం మోగుతున్నంతసేపు ఆ గది తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, విన్నవాళ్ళు నోరెత్తకూడదు. ఎత్తితే చెవిబిళ్ళ మీద అరసికుడని ఎర్రచుక్క పడుతుంది. మూడు చుక్కలు పడితే వారం రోజులు బిళ్ళలు లాక్కుంటారు. సదానందానికి ప్రదర్శనలో తుమ్మినందుకు ఒకటి, ఆవులించినందుకు ఒకటి ఇప్పటికే ఉన్నాయి.

లస్మి అతని దగ్గరికే పోయింది. "తమ్మీ, నువ్వన్న మాట్లాడు."

సదానందం చెవిబిళ్ళ చూపించాడు, తర్వాత పంకాల వైపు చూపించాడు. బిళ్ళలు లేకుండా వారం రోజులు పంకాల పక్కన పనిచేస్తే ఇక ఎప్పటికీ ఏమీ వినలేడు. నేనతన్ని తప్పు పట్టను. లస్మి కూడా పట్టలేదు. పుట్టగొడుగుల వేపుడు పొట్లం కట్టి ఇచ్చింది. అతను దండం పెట్టి తీసుకుపోయాడు.

సాయంత్రం కూరగాయల బండి దగ్గర ఆమె బేరం ఆడింది. బండివాడు భక్తిగా విని, మొదటి ధరే వేలి మీద చూపించాడు.

ఇంటికొచ్చాక అంది: "పొట్టు లెక్క ఉన్నప్పుడు గోడ లెక్క సూసిండ్రు. ఇప్పుడు దేవతను సూసినట్టు సూస్తుండ్రు. ఏందయ్యా తేడా? ఎవ్వలు 'ఊరుకో' అని గూడ అంటలేరు."

నిర్వచనం మార్చాను: ధ్వనికళ అంటే, దీనికి జవాబు అక్కర్లేదని అందరూ కలిసి ఒప్పుకున్న చప్పుడు.

శ్రావణం, శుక్రవారం

కొట్టు తెరవలేదు. లస్మి తానే అంది, "నడువు, ఆ కిటికాయన దగ్గరికి."

టోకెన్లు ఇవ్వడం మొదలయ్యే వేళకు శ్రవణ కార్యాలయంలో ఉన్నాం. బెంచీల మీద జనం ఉన్నారు. విఠల్ కిటికీ తెరిచాడు. లస్మి నోరు తెరిచింది. తలుపులు మూసుకున్నాయి.

మెడ గడ్డ దగ్గర మొదలుపెట్టింది. ఆసుపత్రి పరుపులు, నర్సు సూది గుచ్చిన తీరు, మా అక్క పలకరించడానికి వచ్చి తిన్న నారింజలు, అన్నీ చెప్పింది. జనం చేతులు కట్టుకుని విన్నారు. విఠల్ చిన్న కాగితం మీద 'ఎప్పుడు ముగుస్తుంది?' అని రాసి నాకు చూపించాడు. నేను కార్డు తీసి 'అనిర్దిష్టం' అన్న మాట కింద వేలు పెట్టాను. అతను నీళ్ళ గ్లాసు వైపు చూసి, తాగకుండా పక్కన పెట్టాడు. ఎందుకో తర్వాత అర్థమైంది. మరుగుదొడ్డి తలుపు బయట ఉంది.

లస్మి ఒక్కొక్కరినీ అడిగింది. పేరేంది, గనిల ఏ లెవల్ల ఉంటవ్, ఏం పని మీద వచ్చినవ్. ఎవరూ పలకలేదు. విఠల్‌ను బతిమాలింది. "సారూ, ఒక్క మాట అను. లే అను, పో అను." అతను తల దించుకున్నాడు. ఆమె గొంతులో కింద దారం తెగింది. నేను దాన్ని వినలేదు. ఆమె ఏమందో విన్నాను. లేచి వెళ్ళి పక్కన నిలబడ్డాను. అంతకంటే చేయగలిగింది లేదు.

మధ్యాహ్నమైంది. ఆకలిని మనిషి ఎంతసేపు తట్టుకుంటాడు? విఠల్ చప్పుడు కాకుండా సద్ది డబ్బా మూత తీశాడు.

లస్మి కిటికీలోకి వంగింది. కళ్ళు తుడుచుకుంది.

"ఏం కూర?"

అతని పెదవులు విడివడ్డాయి. మా ఊళ్ళో ఆ ప్రశ్నకు జవాబు చెప్పని మనిషిని నేను చూడలేదు. విఠల్ మహా కష్టం మీద పెదవులు మళ్ళీ మూశాడు. నుదుట చెమట పట్టింది.

"బీరకాయనా?" లస్మి ఇంకా వంగింది. "గిన్ని నీళ్ళేంది? కడిగినయి పారవోయలేదా? అయ్యో, అన్నం మీద ఈదుతున్నయి. మీ ఇంట్ల వండేటోళ్ళెవలో గాని, వాళ్ళ చేతికి గరిటె ఇచ్చినోళ్ళను అనాలె."

విఠల్ లేచి నిలబడ్డాడు.

"బీరకాయ గాదమ్మా, సొరకాయ! నేనే వండిన!"

"నువ్వా? కనవడుతనే ఉన్నది."

"సొరకాయల నీళ్ళు ఊరుతయి! ఎవలు వండినా ఊరుతయి!"

"మూత పెడితె ఊరుతయి. తీసి ఇగరవెట్టాలె."

"తీసిన!"

"తియ్యలే."

"నా సొరకాయ నాకు తెల్వదా?"

అతని చెవిబిళ్ళ మీద ఎర్రచుక్క వెలిగింది. దాని వెంటే కిటికీ పైనున్న పలక మీద అక్షరాలు మారాయి. లస్మక్క: కళ, అన్నది పోయి, లస్మక్క: మాట, అని వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి.

ఎవరూ బయటికి పోలేదు. సొరకాయ మీద అందరికీ అభిప్రాయాలున్నాయి. ఒక ముసలామె పాలు పోయాలంది. ఒకతను అసలు పోపులోనే తప్పు జరిగిందన్నాడు. లస్మి ఇద్దరినీ కాదంది. వాళ్ళు ఆమెను కాదన్నారు. విఠల్ ఒక్కడే పరుగెత్తాడు, మరుగుదొడ్డి వైపు.

భాద్రపదం, ఆదివారం

అన్నీ మామూలుగా పోయాయి. వేపుళ్ళు బాగా పోయాయి.

పరిషత్తు నుంచి నల్ల అంచు కార్డు వచ్చింది. 'లస్మక్క అనే రచన ఇక లేదని తెలియజేయడానికి చింతిస్తున్నాం. సంతాపసభకు రాగలరు.' ఇద్దరినీ పిలిచారు. చాయ్, బిస్కెట్లు ఉంటాయని కింద రాశారు. నేను సభ్యత్వం వదలలేదు, పంకాల కోసం. లస్మికి కొత్త చీర కట్టుకోవడానికి ఒక సందర్భం దొరికింది.

ముందు వరసలో కూర్చున్నాం. ఈసారి కుర్చీలు వేశారు. నీరజాక్షి మేడం మాట్లాడారు. అంత నిర్మలమైన ధ్వని, అర్థం అనే మాలిన్యం అంటి మామూలు మాటగా దిగజారిపోయిందన్నారు. మన తరానికి ఇది తీరని లోటన్నారు. కన్నీళ్ళు నిజమైనవే. అందరినీ రెండు నిమిషాలు లేచి నిలబడమన్నారు. మేమూ నిలబడ్డాం.

లస్మికి అసలు సంగతి అందినట్టు లేదు. చుట్టూ చూసింది. బిస్కెట్ నములుతూ, అందరికీ వినపడేలా అడిగింది:

"ఎవలు పోయిండ్రమ్మా పాపం? మనకు తెలిసినోళ్ళేనా?"

మేడం గిర్రున తిరిగారు. "నోరు మూసుకోండమ్మా! మౌనం పాటిస్తున్నాం కదా, కనపడట్లేదా?"

లస్మి నా మోచెయ్యి పట్టుకుంది. పెళ్ళినాడు కూడా ఆమె మొహం అంత వెలగలేదు.

"ఇన్నవా? నన్ను నోరు ముయ్యమన్నది!"

తర్వాత మేడం వైపు తిరిగి, చీర కొంగు సర్దుకుని, ఎందుకు ముయ్యాలో చెప్పమంది.